‘ఇది ఎవురి కథ సామీ?’

రాజకీయ నేరాల మీద తీసిన సినిమా ఏది చూసి బయటికి వచ్చినా, తిరుపతిలో నా చెవిన పడే మొదటి మాట ఒక్కటే. బాగుందా లేదా అన్నది రెండో మాట, పాటలూ కొట్లాటలూ ఆ తర్వాతి సంగతి. స్టాండులోంచి బండి తీస్తూనో, లీలామహల్ సర్కిల్ దగ్గర టీ గ్లాసు అందుకుంటూనో ముందుగా అడిగేది మాత్రం "ఇంతకీ ఇది ఎవురి కథ సామీ?" అనే. తెర మీది మంత్రికి గడ్డం ఉంటే గడ్డమున్న నాయకుడి కోసం వెతుకుతారు, చొక్కా చేతులు మడిచి మాట్లాడితే ఆ అలవాటు ఎవరికుందో గుర్తు చేసుకుంటారు, అతనికి ఇద్దరు కొడుకులుంటే ఇద్దరు కొడుకులున్న నాయకులందరినీ వరుసపెట్టి లెక్క తీస్తారు. పేరు దొరికేదాకా టీ చల్లారుతున్నా పట్టదు. దొరికాక ఇక సినిమా గురించి మాట్లాడవలసింది ఏమీ మిగలనట్టు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోతారు.

ఈ ప్రశ్న మీద నాకు చాలా ఏళ్ళుగా కోపం ఉంది. మా ఊరి ప్రేక్షకుణ్ణి చిన్నచూపు చూడడం నా ఉద్దేశం కాదు. రాజకీయమూ నేరమూ ఎక్కడ కలుస్తాయో సినిమా చూసి నేర్చుకోవలసిన అవసరం అతనికి లేదు. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర ముఖ్యమంత్రి వాహనాల మీద మందుపాతరలు పేల్చిన రోజున ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళే ఇప్పటికీ మా హాళ్ళలో కూర్చుని సినిమాలు చూస్తున్నారు. అయితే ‘ఎవరు’ అన్న ప్రశ్నకు జవాబు దొరికిన క్షణంలోనే ‘ఎలా’ అన్న ప్రశ్న చచ్చిపోతుందని, ఇటువంటి సినిమాలో ఆలోచించదగ్గది ఏదైనా ఉంటే గింటే ఆ రెండో ప్రశ్నలోనే ఉంటుందని నా వాదన.

నా వృత్తి సంగతి ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే నా అభిప్రాయంలో పక్షపాతం కనిపిస్తే అది అక్కడినుంచి వచ్చిందే. నేను ఇరవై రెండేళ్ళు తిరుపతి కోర్టులో ఒక న్యాయవాది దగ్గర గుమాస్తాగా పనిచేశాను. వకాల్తాలు రాయించడం, వాయిదాల డైరీ చూసుకోవడం, నకళ్ళకు దరఖాస్తులు పెట్టడం, జామీనుదారులను వెంటబెట్టుకుని వరండాలో పిలుపు కోసం నిలబడడం నా పని. అందువల్ల నేరమంటే నాకు కత్తి కంటే, నెత్తురు కంటే ముందు కాగితం కనబడుతుంది.

2021 డిసెంబరు 17న ‘పుష్ప’ మొదటి భాగం వచ్చినప్పుడు మేమింకా చిత్తూరు జిల్లాలోనే ఉన్నాం. తిరుపతి జిల్లా ఏర్పడింది ఆ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో. శేషాచలం అడవి, ఎర్రచందనం దుంగలు, మా యాస, మూడూ ఒక్కసారిగా తెర మీదికి వచ్చేసరికి మా ఊరు దాన్ని ఇంటి విషయంగా చూసింది. మొదటి వారమంతా తగవు యాస మీదే నడిచింది. ‘ఉండాది’ అన్నచోట సరిగ్గానే పలికాడని ఒకరంటే, పలమనేరు మాటనూ పుత్తూరు మాటనూ ఒకే గిన్నెలో కలిపేశారని ఇంకొకరు అన్నారు. ఆ తగవు నాకు ముచ్చటగానే ఉండింది. హాస్యగాడి నోటికో రౌడీ నోటికో తప్ప మా మాటను ఇవ్వని తెర మీద కథానాయకుడే మూడు గంటలసేపు దాన్ని మాట్లాడినప్పుడు, ఒక్కో అక్షరాన్నీ తూకం వేసి చూసే హక్కు మాకు తప్పకుండా ఉంది. ఆ పాత్రకే 69వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యాడు. తెలుగు నటుడికి అది దక్కడం అదే మొదటిసారి కాబట్టి, యాసలో తప్పులు పట్టినవాళ్ళు కూడా ఆ రోజు మా మాటకే బహుమతి వచ్చినట్టు సంబరపడ్డారు.

రెండో వారానికి ‘ఎవరు’ మొదలైంది. సిండికేటు నడిపేవాడు ఫలానా మనిషి, ఆ ఎంపీ ఫలానా, పుష్పరాజు అయితే ఇద్దరు ముగ్గురిని కలిపి చేసిన బొమ్మ అని నిర్ధారణలు జరిగాయి. నేను విన్న పేర్లు పదికి తక్కువ లేవు. వాటిలో ఒక్కటి కూడా ఇక్కడ రాయను, రాస్తే నేనూ ఆ ఆటలో కూర్చున్నట్టే అవుతుంది. విచిత్రమేమిటంటే అదే ఎంపీ పాత్ర ఒక పార్టీ అభిమానికి అవతలి పార్టీ మనిషిలా, అవతలి పార్టీ అభిమానికి ఇవతలి మనిషిలా కనిపించింది. ఇద్దరూ తృప్తిగానే ఇంటికి వెళ్ళారు.

ఆ సినిమాలో ‘ఎలా’ అన్నది అసలే లేదని నేను అనడం లేదు. పాల ట్యాంకరులో రహస్యపు అర కట్టి దుంగలు తరలించడం, దాడి జరిగినప్పుడు సరుకును ఏట్లో వదిలేసి దిగువన పట్టుకోవడం వంటివి ఉన్నాయి. ట్యాంకరు ఘట్టంలో నా వెనక వరసలో ఎవరో "అచ్చం ఇట్లనే పోతాది" అని స్వయంగా నడిపినంత నమ్మకంగా అన్నాడు. కావచ్చు. కాని ఎత్తుగడ వేరు, ఏర్పాటు వేరు. కోర్టు వరండాలో నేను పోగుచేసుకున్న ఏర్పాటు ఇలా ఉంటుంది: జవ్వాది కొండల పల్లెలకు పోయి అడ్వాన్సు ఇచ్చి మనుషులను కుదిర్చే మేస్త్రీ, వాళ్ళను బస్సెక్కించి ఇటు దించేవాడు, అడవిలోకి బియ్యం, ఉప్పు చేరవేసేవాడు, చెట్టు కొట్టి బెరడు చెక్కి దుంగను భుజాన వేసుకుని రాత్రంతా నడిచేవాడు, డంపు పెట్టుకోవడానికి మామిడితోపు ఇచ్చినవాడు, సరుకు బండికి ముందు ఖాళీ కారులో పోతూ దారిలో పోలీసులున్నదీ లేనిదీ ఫోనులో చెప్పే పైలట్, చివరికి చెన్నై రేవు దగ్గర కంటైనరు కాగితాల్లో ఇంకేదో సరుకు పేరు రాసేవాడు. ఇంత పొడుగు వరుసలో మా వరండాకు ఎప్పుడూ వచ్చేది ఆ నాలుగోవాడే. పైలట్ అప్పుడప్పుడు వచ్చేవాడు. కాగితాలు రాసినవాణ్ణి నేను ఉద్యోగంలో ఉన్నంతకాలం చూడలేదు.

ఆ నాలుగోవాడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కోర్టు బెయిలు ఇస్తుంది, ఇవ్వకపోవడం కాదు. ఇద్దరు జామీనుదారులు కావాలంటుంది. వాళ్ళు స్థానికులై ఉండాలి, ఇంటిపన్ను రసీదో పట్టాదారు పాసుపుస్తకమో చూపించాలి. తిరువణ్ణామలై వైపు కొండపల్లె నుంచి వచ్చినవాడికి తిరుపతిలో ఇంటిపన్ను రసీదు ఇచ్చి నిలబడే చుట్టం ఎవరుంటారు? చేతిలో బెయిలు ఉత్తర్వు ఉండి కూడా నెలల తరబడి జైల్లోనే ఉండిపోయినవాళ్ళ పేర్లు నా డైరీల్లో ఉన్నాయి. తెలుగులో రాసిన చార్జిషీటు నకలును ఒక ముసలాయన చేతికిస్తే తలకిందులుగా పట్టుకుని, మర్యాద కోసం కొంతసేపు చదివినట్టు చూసి, మడిచి నడుముకు దోపుకున్నాడు.

2015 ఏప్రిల్ 7 తెల్లవారుజామున శేషాచలంలో, చంద్రగిరి మండలం వైపు అడవిలో, రెండు చోట్ల కలిపి 20 మంది కూలీలు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అందరూ తమిళనాడు వాళ్ళే. రాళ్ళతో, గొడ్డళ్ళతో మీదికి వస్తే కాల్చామని పోలీసులు చెప్పారు. ముందురోజే కొందరిని బస్సులోంచి దించి పట్టుకెళ్ళారని తప్పించుకున్నవాళ్ళు చెప్పారు. సంగతి జాతీయ మానవ హక్కుల సంఘం దాకా వెళ్ళింది. అంతకు ముందు, 2013 డిసెంబరులో, ఇదే అడవిలో ఇద్దరు అటవీ ఉద్యోగులను స్మగ్లర్ల మనుషులు చంపేశారు. ఈ రెండు ఘటనలూ కళ్ళముందు జరిగిన ఊళ్ళో, ఎర్రచందనం మీద మూడు గంటల సినిమా చూసి బయటికి వచ్చిన వాళ్ళలో ఒక్కరైనా, నాకు వినబడినంతలో, ఆ ఇరవైమంది మాట ఎత్తలేదు. ఎత్తకపోవడానికి కారణం రాతిగుండె కాదు, తీరిక లేకపోవడమే. అందరం నాయకుడెవరో పోల్చుకునే పనిలో ఉన్నాం. ఆ ‘అందరం’లో నేనూ ఉన్నాను, ఆ రోజు రెండు పేర్లు నేనే చెప్పాను.

రెండో భాగం 2024 డిసెంబరు 5న వచ్చింది. ఈసారి నేరం నేరుగా సచివాలయంలోకి నడిచింది. ముఖ్యమంత్రితో ఫోటో దిగి రమ్మని శ్రీవల్లి అడుగుతుంది, స్మగ్లరుతో ఫోటో దిగడానికి ముఖ్యమంత్రి ఒప్పుకోడు, దానితో పుష్పరాజు ముఖ్యమంత్రినే మార్చడానికి పూనుకుంటాడు. మా దగ్గర ఈ సినిమా మీద వచ్చిన విమర్శల్లో అన్నిటికంటే ఎక్కువగా వినబడింది ఇదే: "ఒక్క ఫోటో కోసరం గవర్నమెంటునే మార్చేస్తాడా? లాజిక్ యాడుంది సామీ?" చదువుకున్నవాళ్ళు, చదువుకోనివాళ్ళు, సినిమా నచ్చినవాళ్ళు, నచ్చనివాళ్ళు, అందరూ నవ్వింది ఇక్కడే. నేను మాత్రం అంతసేపు నడిచిన ఆ సినిమాలో రాజకీయం గురించి చెప్పిన ఒకే ఒక్క నిజం అదేనని అనుకుంటున్నాను.

ఫోటో అంటే ఏమిటో మా జిల్లాలో తెలియనిదెవరికి? పుత్తూరు దారిలో మా చిన్నాయన కొడుకు ఒకడికి సిమెంటు కొట్టు ఉంది. గల్లాపెట్టె వెనక గోడకు, దేవుడి పటం పక్కన, ఒక నాయకుడితో అతను దిగిన ఫోటో వేలాడుతూ ఉంటుంది. అది ఎవరిదో పెళ్ళిలో వరుసలో నిలబడి, వధూవరులకు బదులు నాయకుడి పక్కన ఒక్క నిమిషం ఇరుక్కుని దిగిన ఫోటో. ఆ నాయకుడికి ఇతని పేరు తెలిసే అవకాశమే లేదు. అయినా తనిఖీకి వచ్చినవాళ్ళు ముందు రికార్డుల వైపు చూడరు, గోడ వైపు చూస్తారు. చూసి, కాఫీ తాగి, కుశలం అడిగి వెళ్ళిపోతారు. ప్రభుత్వం మారిన వారంలో గోడ మీద ఫోటో మారింది. మేకు మాత్రం అదే. అంటే ఆ ఫోటోలో ఉన్నది ఎవరన్నది అసలు విషయమే కాదు, ఫోటో చేసే పని శాశ్వతం. తెర మీద పెళ్ళాం ముచ్చటగా కనిపించిన కోరిక నిజానికి చెక్‌పోస్టు దాటించే చీటీ లాంటిది, అది ఇవ్వనన్న అధికారి మీద వ్యాపారి కన్నెర్ర చేయడంలో లాజిక్ లేకపోవడం ఎక్కడుంది? మేము దాన్ని భార్యాభర్తల సరసంగా చూసి నవ్వేసి, "ఇంతకీ ఆ సీఎం ఎవురు?" అన్నదగ్గరికి వచ్చి కూర్చున్నాం.

లాజిక్ పేరిట జరిగిన ఇంకో అన్యాయం జపాను గురించి. కథ జపాను రేవులో మొదలైనప్పుడు మా హాల్లో ఈలలతోపాటు వెటకారాలూ వినబడ్డాయి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో మా వైపు తూర్పు కనుమల్లోనే, అది కావాలనేవాళ్ళు ఉన్నది మాత్రం సముద్రాల అవతల. చైనాలో దానితో ఇంటి సామాను చేస్తారు, జపానులో షామిసెన్ అనే తంత్రీవాద్యానికి ఆ చెక్కను వాడతారు. అలలు అలలుగా చార ఉన్న దుంగకే అసలు ధర. 1995 నుంచి ఈ చెట్టు సైటిస్ అనే అంతర్జాతీయ వర్తక నియంత్రణ ఒప్పందం జాబితాలో ఉంది. కరకంబాడి దారిలో పట్టుబడ్డ వ్యానుకూ ఎక్కడో తీగ మీటే వేళ్ళకూ ఉన్న ఈ దూరంలోనే నేరమంతా దాక్కుని ఉంటుంది. నమ్మశక్యం కాని విధంగా పెట్టెలో కూర్చుని ప్రయాణం చేసినందుకు కథానాయకుణ్ణి ఎగతాళి చేయవచ్చు, చేయాలి కూడా. చెక్క ఎందుకు అంత దూరం పోతోందో అడగకపోవడం మాత్రం మన నష్టం.

ఇక అభిప్రాయాల్లో పార్టీల సంగతి క్లుప్తంగా చెప్పి ముగిస్తాను, అది పెద్దగా రుచించే విషయం కాదు. మొదటి భాగం నాటికి టికెట్టు ధరలను తగ్గించిన ప్రభుత్వం ఉంది, రెండో భాగం నాటికి ముందురోజు ఆటకు 800 రూపాయల టికెట్టును అనుమతించిన ప్రభుత్వం ఉంది. మధ్యలో, 2024 మే నెలలో, ఎన్నికలకు ముందు కథానాయకుడు నంద్యాలలో ఒక అభ్యర్థి ఇంటికి వెళ్ళి వచ్చాడు. అంతే, సినిమా రాకముందే సగంమందికి అది నచ్చింది, సగంమందికి నచ్చలేదు. కథలోని పాత్ర ‘ఎవరు’ అని వెతకడం అలవాటైన మనకు, నటించినవాడు ‘ఎవరివాడు’ అని వెతకడం ఎంతసేపు?

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ మా బావమరిది నుంచి తగిలింది. అతను చిత్తూరులో హైస్కూలు తెలుగు పంతులు, మాటకు మాట అప్పజెప్పనిదే అన్నం సహించదు. "బావా, మీరు కోర్టులో బతికినోళ్ళు, మీకు ఎవరు అన్నది కాగితం మీదే ఉంటాది. మాకు అట్ల కాదు. బజార్లో పేరు చెప్పే ధైర్యం లేనోడు చీకట్లో, హాల్లో, పక్కోడి చెవిలో చెప్పుకుంటాడు. అది కూడా తప్పంటే ఎట్ల?" అన్నాడు. తర్వాత అతను 2015 నవంబరు 17 గుర్తు చేశాడు. ఆ రోజు చిత్తూరు నగరపాలక సంస్థ కార్యాలయంలోనే, బురఖాలు వేసుకుని వచ్చినవాళ్ళు మేయర్ కఠారి అనురాధను కాల్చి చంపారు, ఆమె భర్త మోహన్‌ను నరికి చంపారు. బడి మధ్యాహ్నమే వదిలేశారట. పిల్లల్ని ఇళ్ళకు పంపి, తలుపులు వేసుకుని, ఎవరో ఏమిటో ఇంట్లోవాళ్ళతో మాట్లాడడానికి కూడా గొంతు తగ్గించుకున్నామని చెప్పాడు. అటువంటి ఊరివాడు తెర మీద నాయకుడికి ఒక పేరు తగిలించి ఈల వేస్తే అది పిరికితనం కాదు, ఆ మాత్రం ఊపిరి పీల్చుకోవడం అని అతని మాట.

ఈ మాటకు నేను తల వంచాను, ఇప్పటికీ పూర్తిగా కాదనలేను. కాని అదే ఉదాహరణ నా వైపూ మాట్లాడుతుంది. ఆ హత్యల్లో ఎవరెవరి పేర్లు వినబడాలో అవి ఒకటి రెండు రోజుల్లోనే ఊరంతా వినబడ్డాయి. ఎలా జరిగిందో సాక్షులతో, కాగితాలతో నిరూపించడానికి మాత్రం పదేళ్ళు పట్టింది. 2025 అక్టోబరులో చిత్తూరు కోర్టు అయిదుగురికి మరణశిక్ష వేసింది. ఆ పదేళ్ళలో ఎన్ని వాయిదాలు, ఎన్ని సమన్లు, చెప్పిన మాట మీద నిలబడడానికి ఎంతమంది సాక్షులు ఎన్ని రాత్రులు నిద్ర కాచి ఉంటారో మా గుమాస్తాలకు తెలుసు. ఆ పదేళ్ళను సినిమాగా తీస్తే ఎవరు చూస్తారని బావమరిది నవ్వాడు. 1985లో ‘ప్రతిఘటన’ను జనం ఎగబడి చూడలేదా అని నేనన్నాను. పట్టపగలు జరిగిన హత్యను చూసిన ఒక అధ్యాపకురాలు చూశానని చెప్పినందుకు ఏమనుభవించిందో చూపిన సినిమా అది. ఆ కాళి ఏ ఊరి రౌడీ అన్నది కాక, సాక్ష్యం చెప్పడమంటే ఏమిటన్నది ఆ కథకు వెన్నెముక.

తెర దాకా ఎందుకు, మా గంగమ్మ కథే ఉంది. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ఏటా మే నెలలో వేషాలు కట్టే ఊరు మాది. రెండో భాగంలో జాతర ఘట్టం వచ్చినప్పుడు అన్ని పార్టీలవాళ్ళూ ఒకే గొంతుతో అరిచారు, అక్కడ మాత్రం ఎవరూ ‘ఎవురిది’ అని అడగలేదు. ఆడవాళ్ళను చెరపట్టే పాలెగాడు ఊరి మీద పెత్తనం చేస్తుంటాడు, గంగమ్మకు భయపడి దాక్కుంటాడు. అధికారం, నేరం, వేట, అన్నీ ఉన్న కథ. పాలెగాడెవరో మొదటి రోజే అందరికీ తెలుసు, దాని మీద చర్చే లేదు. బైరాగి, బండ, తోటి, దొర అంటూ రోజుకో వేషం మార్చుకుని తిరిగేదంతా వాణ్ణి ఎలా బయటికి రప్పించాలన్న దాని కోసమే. చివరికి వాడు దొర వేషం చూసి, తనకంటే పెద్ద అధికారి వచ్చాడని నమ్మి బయటికి వస్తాడు. అధికారాన్ని అధికారం వాసనతోనే బోనులోంచి లాగవచ్చునన్న ఆ ఎత్తు తరతరాలుగా మాకు కంఠస్థం. హాల్లోకి పోయేటప్పుడు దాన్ని చెప్పులతోపాటు బయట ఎందుకు విడిచిపెడతామో నాకు అర్థం కాదు.

మొన్న సెలవులకు బావమరిది కొడుకు మా ఇంటికి వచ్చాడు. ఎస్వీ యూనివర్సిటీలో చదువుతున్నాడు. రాత్రి భోజనాలయ్యాక టీవీలో మొదటి భాగం మళ్ళీ పెట్టాడు. వాడు కూడా ఎవరో ఏమిటో మొదలుపెడతాడని నేను లేచి పోబోతుంటే పాల ట్యాంకరు దగ్గర ఆపి, "మామా, ఇది పట్టుబడిందనుకో, పట్టుకున్నామని కాగితం రాసేది ఎవురు?" అన్నాడు.

మధ్యవర్తుల నివేదిక అని రాస్తారని, సాధారణంగా దాని మీద సంతకం పెట్టడానికి ఆ ఊరి వీఆర్వోను పిలుస్తారని చెప్పాను.

"ఆయన మళ్ళీ కోర్టుకు వచ్చి చెప్పాలా?"

"చెప్పాలి. మూడేళ్ళకో, నాలుగేళ్ళకో. అప్పటికి ఆయన ఇంకో మండలంలో ఉంటాడు."

"వచ్చి, నాకు గుర్తు లేదంటే?"

నేను మళ్ళీ కూర్చున్నాను. పాత డైరీల్లో అటువంటివి ఉన్నాయి, వెతికితే దొరుకుతాయి. పైన అటక మీద పెట్టెలో ఉన్నాయని వాణ్ణి స్టూలు తెమ్మన్నాను. మేము పెట్టె దించి దుమ్ము దులుపుకునేసరికి పదకొండు దాటింది, టీవీలో ట్యాంకరు ఆగినచోటే ఆగి ఉంది.